పెంపుడు కుక్కతో నడకకు వెళ్లినప్పుడు వీధికుక్కలు మీదికి వస్తే

తెల్లవారకముందో, రాత్రి భోజనాలు ముగిశాకో పెంపుడు కుక్కను వెంటబెట్టుకొని వీధిలోకి అడుగుపెట్టేవారికి దేశంలోని ఏ నగరంలోనైనా ఎదురయ్యే చిక్కు దాదాపు ఒక్కటే. మలుపు తిరగగానే నాలుగు వీధికుక్కలు లేచి నిలబడతాయి. ఒకటి మొరుగుతుంది, మిగిలినవి దానితో గొంతు కలిపి ముందుకు వస్తాయి. మనిషి ఒంటరిగా వెళ్తున్నప్పుడు తల కూడా ఎత్తని కుక్కలే, అతని పక్కన మరో కుక్క కనిపిస్తే రెచ్చిపోతాయి. పగ్గం చివర ఉన్న కుక్క భయంతో కుంగిపోతుంది లేదా తానూ ఎగబడుతుంది. మధ్యలో చిక్కుకున్న యజమానికి ఆలోచించడానికి మిగిలేది కొన్ని క్షణాలే.

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు సుమారు 1.53 కోట్లు. 2024లో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదయ్యాయని, రేబిస్ అనుమానంతో 54 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. రేబిస్ ఇంకా తొలగిపోని దేశంలో కుక్కల పోట్లాట కుక్కలతోనే ముగియదు. తన కుక్కను విడిపించబోయి చేతికి కాటు వేయించుకున్న యజమాని, తన కుక్క పంటికే గాయపడినా సరే, ఆసుపత్రి మెట్లు ఎక్కక తప్పదు. అందువల్ల ఇలాంటి సమయంలో ఏం చేయాలన్నది కుక్కల ప్రేమికులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

హద్దు దాటి వచ్చిన కుక్క

వీధికుక్కల గుంపుకు ఒక నివాస ప్రాంతం ఉంటుంది. చెత్తకుండీ, టిఫిన్ బండి, మాంసం దుకాణం, రోజూ అన్నం పెట్టే ఇంటి గడప, ఇలా ఆహారం దొరికే చోట్ల చుట్టూ ఆ హద్దులు ఏర్పడతాయి. ఆ వీధిలో నివసించే మనుషుల వాసన, నడక వాటికి అలవాటే. కొత్త కుక్క మాత్రం ఆహారానికి, జతకు పోటీదారు. దాన్ని హద్దు దాటించేదాకా అరవడం, వెంటపడటం గుంపు చేసే కాపలా పని. చాలా సందర్భాలలో ఆ తరుము ఒక స్తంభం దగ్గరో, ఒక మలుపు దగ్గరో ఉన్నట్టుండి ఆగిపోతుంది. గుంపు హద్దు అక్కడే. ఈ ఒక్క సంగతిని అర్థం చేసుకుంటే మిగిలిన జాగ్రత్తలన్నీ దాని నుంచే పుడతాయి. యజమాని లక్ష్యం గెలవడం కాదు, గుంపును చెదరగొట్టడం కూడా కాదు. తన కుక్కతో ఆ హద్దు దాటి బయటపడటమే.

పగ్గం ఈ లెక్కను కాస్త తారుమారు చేస్తుంది. స్వేచ్ఛగా తిరిగే రెండు కుక్కలు తారసపడితే నేరుగా ఎదురెదురుగా రావు. ఒంపు తిరిగి, పక్క నుంచి దగ్గరై, వాసన చూసుకొని, బలహీనమైనది తల తిప్పుకోవడంతో వ్యవహారం తేలిపోతుంది. ఇష్టం లేనిది పారిపోతుంది. పగ్గానికి కట్టుబడిన కుక్కకు ఈ దారులేవీ లేవు. పైగా యజమాని కంగారుపడి పగ్గాన్ని బిగించి లాగితే దాని ముందరి కాళ్లు పైకి లేస్తాయి, ఛాతీ ముందుకు వస్తుంది. ఎదుటి కుక్కల కంటికి అది కయ్యానికి కాలు దువ్వినట్టే కనిపిస్తుంది. వేలాడుతూ వదులుగా ఉన్న పగ్గం కుక్కకూ, ఎదుటి గుంపుకూ కూడా శాంతి సంకేతం.

కాలాన్ని బట్టి కూడా తీవ్రత మారుతుంది. ‘చిత్త కార్తె కుక్కలు’ అనే వాడుక తెలుగులో ఊరికే పుట్టలేదు. వానలు వెనుకబట్టి అక్టోబరు నడుస్తున్న ఆ రోజుల్లో జతకట్టే ఆడకుక్క వెంట మగకుక్కల గుంపులు తిరుగుతాయి. వాటి మధ్యకు మరో మగకుక్కను తీసుకెళ్లడం తగాదాను పిలిచి తెచ్చుకోవడమే. ఆ తరువాత రెండు నెలలకు ఈనే తల్లికుక్కలు కాలువ గట్ల మీద, నిలిపి ఉంచిన వాహనాల కింద, కట్టుబడి సాగుతున్న ఇళ్లలో పిల్లలను దాచుకుంటాయి. ఏడాది పొడవునా సాధువుగా ఉన్న కుక్క కూడా ఆ కొన్ని వారాలు మీదికి దూకవచ్చు. ఎదకు వచ్చిన పెంపుడు ఆడకుక్కను ఆ రోజుల్లో వీధిలో తిప్పకపోవడమే మేలు.

నడకకు ముందే చేయవలసినవి

పోట్లాటలు వీధిలో తప్పుతాయని అనుకుంటారు. నిజానికి అవి ఎక్కువగా ఇంటి గుమ్మంలోనే, బయలుదేరే ముందే తప్పుతాయి. యజమాని ఒకటి రెండు సార్లు కుక్క లేకుండా ఒంటరిగా తిరిగి చూస్తే ఏ వీధిలో ఎన్ని కుక్కలున్నాయి, ఎక్కడ పడుకుంటాయి, ఎవరు ఏ వేళకు అన్నం పెడతారు అన్నది తెలిసిపోతుంది. తిండి పెట్టే సమయానికి ఆ చోటికి వెళ్లకూడదు. వాహనాల రద్దీ తగ్గి వీధులు నిర్మానుష్యమయ్యే అర్ధరాత్రి, తెల్లవారుజాము వేళల్లో గుంపులు చురుకుగా ఉంటాయి. బాగా వెలుతురు వచ్చాక, మనుషుల సంచారం మొదలయ్యాక వెళ్లడం క్షేమం. అయితే వేసవిలో తారు రోడ్డు కాళ్లు కాల్చేంత వేడెక్కుతుంది కనుక ఉదయం మరీ ఆలస్యం చేయడానికీ వీలుండదు. వెనుదిరగడానికి మరో సందు లేని ఇరుకు గల్లీలను మాత్రం వేళతో నిమిత్తం లేకుండా మానుకోవాలి.

పగ్గం నాలుగు నుంచి ఆరు అడుగులుంటే చాలు. మీట నొక్కితే సాగుతూ, ముడుచుకుంటూ ఉండే రీలు పగ్గాలు చూడటానికి సౌకర్యంగా ఉన్నా ఇలాంటి వేళ ప్రమాదకరం. కుక్క పదిహేను అడుగుల దూరంలో ఉండగా గుంపు వస్తే దాన్ని దగ్గరకు తీసుకోవడం సాధ్యం కాదు, ఆ సన్నని తాడు చేతినీ కాళ్లనూ కోస్తుంది. ఇనుప గొలుసు పట్టు జారుతుంది, వేళ్లకు దెబ్బ తగులుతుంది. పగ్గాన్ని మణికట్టుకు చుట్టలు చుట్టుకోవడం మరో చెడ్డ అలవాటు. కుక్క ఒక్క ఉదుటున లాగితే మనిషి బోర్లా పడతాడు. నేలపై పడిన మనిషి, అరుస్తున్న గుంపు మధ్య మరింత నిస్సహాయుడు. మెడ బెల్టు వదులుగా ఉంటే భయపడిన కుక్క తల వెనక్కి లాక్కొని దాని నుంచి జారిపోతుంది. నగర వీధుల్లో పెంపుడు కుక్కలు తప్పిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఛాతీని చుట్టి ఉండే హార్నెస్ సరిగ్గా అమరితే ఆ భయం తగ్గుతుంది. అవసరమైతే దాని వీపు పట్టీని పట్టుకొని కుక్కను నిలువరించవచ్చు.

చేతిలో ఏమి ఉండాలన్న దానిపై ఎవరి నమ్మకం వారిది. పొడవాటి గొడుగు, గట్టి చేతికర్ర, నీళ్ల సీసా, జేబులో గుప్పెడు బిస్కెట్లు ఉంటే ఎక్కువ సందర్భాలు గట్టెక్కుతాయి. మిరియాల స్ప్రేను కొందరు వెంట ఉంచుకుంటారు. గాలి ఎదురుగా వీస్తే అది యజమాని కళ్లలోనూ, అతని కుక్క కళ్లలోనూ పడుతుంది. అందువల్ల అది చిట్టచివరి సాధనమే కావాలి. చేతిలో ఫోను చూసుకుంటూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని నడిచేవారికి ఇవేవీ పెద్దగా ఉపకరించవు. గుంపును యాభై అడుగుల దూరంలో గమనించిన వ్యక్తికి ఉన్న అవకాశాలు అయిదు అడుగుల దూరంలో గమనించిన వ్యక్తికి ఉండవు.

పెంపుడు కుక్కకు రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో మొదలవుతుంది. ఆ తరువాత పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం, మన దేశంలో ఎక్కువగా ఏడాదికోసారి, మళ్లీ వేయిస్తారు. వీధిలో పోట్లాట జరిగిన రోజున వైద్యుడు ముందుగా అడిగేది ఆ టీకా కార్డునే. మెడ బెల్టుకు యజమాని ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల ఉంటే, పట్టు తప్పి పారిపోయిన కుక్క తిరిగి ఇల్లు చేరే అవకాశం పెరుగుతుంది.

మొరుగుడు, మౌనం

‘మొరిగే కుక్క కరవదు’ అన్న సామెత మనుషుల విషయంలో ఎంత నిజమో కానీ కుక్కల విషయంలో నమ్మదగింది కాదు. మొరిగే కుక్క కూడా కరుస్తుంది. అయితే సామెతలో ఒక పాలు నిజం ఉంది. దూరంగా నిలబడి, ముందుకు రెండడుగులు వేసి వెనక్కి తగ్గుతూ మొరిగే కుక్క సాధారణంగా భయపడుతోంది, దూరం కోరుకుంటోంది. శబ్దం ఆపి, తల దించి, ఒళ్లు బిగించి, రెప్ప వేయకుండా చూస్తూ నేరుగా వచ్చే కుక్క అంతకంటే ప్రమాదకరం. తోక ఊపితే స్నేహమే అనుకోవడం కూడా పొరపాటే. నడుము నుంచి ఒళ్లంతా ఊగేలా వదులుగా ఊపే తోక వేరు, నిటారుగా లేపి కొసను మాత్రం బిరుసుగా కదిలించే తోక వేరు. మెడ వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, పెదవి పైకి లేచి కోరలు కనబడటం, గొంతులో గురగుర శబ్దం హెచ్చరికలు. గుంపులో ఒకటి ముందు నిలబడి, మరొకటి వెనుక వైపు తిరిగి వస్తుంటే, ముందున్న దాని అరుపు కంటే వెనుకకు చేరిన దాని కదలిక మీదే దృష్టి పెట్టాలి.

రేబిస్ సోకిన కుక్క ఈ లెక్కలకు లొంగదు. తూలుతూ నడవడం, నోటి వెంట చొంగ కారడం, కింది దవడ వేలాడటం, గొంతు మారిపోవడం, కనిపించిన ప్రతిదాన్నీ కరవడం దాని లక్షణాలు. అలాంటి కుక్కకు హద్దులతో పని లేదు, బిస్కెట్లతో మభ్యపడదు. దాని దరిదాపులకు పోకుండా తప్పుకొని, వెంటనే పురపాలక సంఘానికి తెలపాలి.

ఎదురుపడిన క్షణాన

అన్నిటికంటే ముఖ్యమైన నియమం పరుగెత్తకపోవడం. పారిపోయే దాన్ని తరమడం కుక్క స్వభావం. పెంపుడు కుక్కతో పాటు మనిషి కూడా పరుగెడితే మొరుగుడు కాస్తా వేటగా మారుతుంది. గుంపు దూరంగా ఉండగానే కనబడితే ఆగి, నిదానంగా దారి మార్చాలి. రోడ్డు అవతలికి దాటడం, నిలిపి ఉన్న కారును అడ్డుగా చేసుకొని పక్కకు తప్పుకోవడం, దగ్గరలో తెరిచి ఉన్న గేటు లోపలికో దుకాణంలోకో వెళ్లి నిలబడటం వంటివి పిరికితనం కావు. కుక్కల మధ్య చూపు తెగితే ఉద్రేకం సగం తగ్గుతుంది. కారు, ప్రహరీ గోడ, గుబురు మొక్కల వరుస, చివరికి యజమాని కాళ్లు అయినా ఆ చూపును తెంచగలవు.

గుంపు దగ్గరకు వచ్చేస్తే పెంపుడు కుక్కను వెనుకకు తీసుకొని, తాను ముందు నిలబడాలి. పగ్గాన్ని రెండు మూడు అడుగులకు కుదించి పట్టుకోవాలే తప్ప మెడ బిగిసేలా లాగకూడదు. వీధికుక్క కళ్లలోకి గుచ్చి చూడకూడదు, అలాగని దానికి వీపు కూడా చూపకూడదు. కాస్త పక్కకు తిరిగి, కనుకొసలతో గమనిస్తూ, గుంపు వైపు ముఖం ఉంచి అడుగు వెనుక అడుగు వేయాలి. ఏ దిశలో వెనక్కి వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. చాలామంది తమ ఇంటి వైపు దారి తీస్తారు. ఇల్లు ఆ గుంపు ఆవరణకు అవతల ఉంటే, వాటి మధ్య నుంచే వెళ్లవలసి వస్తుంది. వచ్చిన దారినే తిరిగి వెళ్లడం, అంటే కుక్కలు లేవకముందు ఉన్న చోటుకు చేరడం, సాధారణంగా దగ్గరి హద్దు.

గట్టిగా, ఒక్క మాటగా ‘ఛీ, పో’ అని అదిలించడం పనిచేస్తుంది. ఎడతెగని కేకలు, చేతులు ఊపడం పనిచేయవు. కీచుగొంతుతో అరిస్తే గుంపు మరింత రెచ్చిపోతుంది, పెంపుడు కుక్క కూడా బెదిరిపోతుంది. రాయి తీయడానికి అన్నట్టు కిందికి వంగడం మన వీధుల్లో పిల్లలకు కూడా తెలిసిన ఉపాయం. రాళ్ల దెబ్బలు తిని పెరిగిన కుక్కలు ఆ భంగిమను చూడగానే పది అడుగులు వెనక్కి తగ్గుతాయి. నిజంగా విసరనక్కరలేదు. విసిరితే దూరం నుంచి మొరిగే కుక్కకు తెగింపు వస్తుంది, గుంపు దగ్గరికి వచ్చాక వంగితే ముఖం దాని నోటికి అందుతుంది. అందుకే ఈ ఉపాయం దూరంగా ఉన్నప్పుడే. కర్ర విషయమూ అంతే. నేలకు తట్టి చప్పుడు చేయడానికి, తనకూ కుక్కకూ మధ్య అడ్డుగా చాచి పట్టడానికి అది పనికివస్తుంది. కొట్టడానికి ఎత్తిన చేయి మాత్రం కాటుకు అందే చేయి అవుతుంది.

గొడుగు గొప్ప సాధనం. ఎదురుగా వచ్చే కుక్క ముఖం మీద ఒక్కసారిగా తెరిస్తే అది ఉలిక్కిపడుతుంది, తెరిచిన గొడుగు వెనుక పెంపుడు కుక్క కనబడదు. అయితే తన కుక్క కూడా బెదరకుండా ఇంట్లోనే నాలుగైదు రోజులు గొడుగు తెరవడం, మూయడం అలవాటు చేయాలి. కోపం కంటే కుతూహలం ఎక్కువగా ఉన్న కుక్కలకు బిస్కెట్లు మంచి మందు. గుప్పెడు తీసి ఒకే చోట కాక వాటి వెనుకగా, నేల మీద చెల్లాచెదురుగా పడేలా చల్లాలి. అవి ఏరుకొని తినేలోగా బయటపడవచ్చు. మూడు కుక్కల మధ్య ఒకే బిస్కెట్టు వేస్తే అక్కడే కొత్త కొట్లాట మొదలవుతుంది. ఒళ్లు బిగించి దూసుకొచ్చే కుక్క ముందు తిండి విసరడం వృథా.

చిన్న జాతి కుక్కను ఎత్తుకోవాలా వద్దా అన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. గుంపు ఇంకా దూరంలో ఉంటే, లోపలికి వెళ్లడానికి దగ్గరలో గేటో మెట్లో ఉంటే, కంగారు లేకుండా ఎత్తుకొని నడిచిపోవచ్చు. కుక్కలు కాళ్ల దాకా వచ్చేశాక ఎత్తితే అవి గాలిలోకి ఎగురుతాయి, కాటు యజమాని మోచేతికో ముఖానికో పడుతుంది. తప్పనిసరై ఎత్తుకున్నా తల మీదికి ఎత్తకుండా, ఛాతీకి గట్టిగా అదుముకొని గుంపుకు పక్కగా తిరిగి నిలబడాలి. వెనుక గోడో, మూసిన దుకాణం షట్టరో ఉంటే దానికి ఆనుకొని నిలబడటం మంచిది, అప్పుడు కుక్కలు వెనుక నుంచి రాలేవు. పెద్ద జాతి కుక్కను అదుపు చేయలేని పిల్లల చేతికి, వృద్ధుల చేతికి పగ్గం ఇచ్చి పంపడం ఇక్కడే బెడిసికొడుతుంది.

పోట్లాట మొదలైతే

రెండు కుక్కల నోళ్ల మధ్య చేయి పెట్టకూడదు. మెడ బెల్టు పట్టుకోబోవడం కూడా దాదాపు అంతే. ఉద్రేకంలో ఉన్న కుక్క తనకు తగిలింది యజమాని చేయి అని గుర్తించేలోపే కరుస్తుంది. కర్రతో బాదితే పట్టు విడవకపోగా మరింత బిగించే కుక్కలున్నాయి. ముఖాల మీద నీళ్లు గుమ్మరించడం, పక్క దుకాణం షట్టరును, ఇనుప గేటును దడదడలాడించడం, గోనెపట్టానో దుప్పటినో మీద కప్పడం, మధ్యలోకి అట్టపెట్టెనో కుర్చీనో తోయడం మొదటి ప్రయత్నాలు. చాలా పోట్లాటలు చప్పుడు ఎక్కువ, గాయం తక్కువగా కొన్ని క్షణాల్లో ముగుస్తాయి.

అవి ఫలించకపోతే, ఇద్దరు మనుషులుంటే, చెరొకరు ఒక్కో కుక్క వెనుక కాళ్లను తొడల దగ్గర పట్టుకొని తోపుడుబండిని వెనక్కి లాగినట్టు ఒకేసారి లాగే పద్ధతి ఉంది. వెనక్కి లాగుతూ అర్ధచంద్రాకారంలో తిరుగుతుండాలి, లేకపోతే కుక్క మెడ తిప్పి కరుస్తుంది. రేబిస్ అనుమానం ఉన్న కుక్కతో దీనికి పూనుకోరాదు. ఒక కుక్క మరొకదాన్ని కరిచి పట్టుకొని ఉండగా బలవంతంగా లాగితే చర్మం, కండరం చీలిపోతాయి. పట్టు సడలిన క్షణంలోనే విడదీయాలి. పగ్గం వదిలేయాలా అన్న ప్రశ్నకు అన్నిచోట్లా ఒకే సమాధానం లేదు. ప్రహరీ ఉన్న ఆవరణలో వదిలితే కుక్క తప్పించుకోవచ్చు. లారీలు తిరిగే రోడ్డు మీద వదిలితే కాటు కంటే ఘోరమైనది జరగవచ్చు. మనిషి కింద పడితే మాత్రం పగ్గం వదిలి, మోకాళ్లు ముడుచుకొని, చేతులతో మెడను, చెవులను కప్పుకోవాలి.

కాటు తరువాత

గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇది మాట వరసకు చెప్పే సమయం కాదు. గాయంలో చేరిన వైరస్‌ను తగ్గించే తొలి చికిత్స అదే. ఆ తరువాత పోవిడోన్ అయోడిన్ వంటి క్రిమినాశక ద్రవం రాయాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి అద్దడం వల్ల గాయం చెడుతుంది. కట్టు బిగించకూడదు, అత్యవసరమైతే తప్ప కుట్లు వెంటనే వేయరు. తన కుక్క గాయాలను కడిగే యజమాని చేతికి తొడుగులు వేసుకోవాలి. దాని ఒంటి మీద అంటిన వీధికుక్క లాలాజలం చేతి మీది పచ్చిపుండుకు తగిలినా వైద్యుడికి చెప్పవలసిందే.

కాటు తీవ్రతను మూడు తరగతులుగా చూస్తారు. పగలని చర్మాన్ని కుక్క నాకితే టీకా అవసరం లేదు, కడిగితే చాలు. రక్తం రాని గీరుడు, పంటి నొక్కు రెండో తరగతి. దీనికి టీకా కావాలి. చర్మంలోకి దిగిన కాటు, పగిలిన చర్మంపై లేదా కంటిలో, నోటిలో పడిన లాలాజలం మూడో తరగతి. దీనికి టీకాతో పాటు గాయం చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మం పొరలోకి ఇచ్చే టీకాను మొదటి రోజు, ఆ తరువాత 3, 7, 28 రోజులకు వేస్తారు. కండరంలోకి ఇచ్చే పద్ధతిలో 14వ రోజు మోతాదు అదనం. గతంలో పూర్తి కోర్సు తీసుకున్నవారికి మొదటి రోజు, మూడో రోజు ఇచ్చే రెండు మోతాదులే సరిపోతాయి, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కరలేదు. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలన్న మాట నిజమే కానీ, ఆ పది రోజులూ టీకా ఆపి ఎదురుచూడాలని దాని అర్థం కాదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ కుక్కకాటు చికిత్సకు చిరకాలంగా పేరున్న చోటు.

పెంపుడు కుక్క గాయాలను బొచ్చు దాచేస్తుంది. ఇంటికి చేరగానే మెడ, చంకలు, పొట్ట, తొడల లోపలి భాగం వేళ్లతో తడిమి చూడాలి. పైకి సూది రంధ్రంలా కనిపించే పంటిగాటు లోపల కండరాన్ని నలిపి, రెండు మూడు రోజుల్లో చీముగడ్డగా మారవచ్చు. పెద్ద కుక్క నోట కరిచి విదిలించిన చిన్న కుక్కకు పైన గాయం లేకపోయినా పక్కటెముకలు విరగడం, లోపల రక్తస్రావం జరగడం ఉంటుంది. ఊపిరి వేగంగా తీస్తున్నా, చిగుళ్లు తెల్లబడినా క్షణం ఆలస్యం పనికిరాదు. టీకా సక్రమంగా ఉన్న కుక్కకు కూడా వైద్యులు వెంటనే బూస్టర్ వేస్తారు. టీకా లేని కుక్క విషయంలో మోతాదులు, ఎంతకాలం విడిగా ఉంచాలన్నది వైద్యుడే నిర్ణయించాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య సేవల సమాచారం లభిస్తుంది.

చట్టం ఎవరి పక్షం

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960 కింద కేంద్రం 2023 మార్చిలో జంతు జనన నియంత్రణ నిబంధనలను నోటిఫై చేసింది. వీధికుక్కలను పట్టి, సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే విడిచిపెట్టడం వాటి సారాంశం. శస్త్రచికిత్స అయిన కుక్కకు గుర్తుగా చెవి కత్తిరిస్తారు. చెవి గుర్తు లేని కుక్కలు వీధిలో ఎక్కువగా కనిపిస్తున్నాయంటే అక్కడ ఆ కార్యక్రమం సరిగా సాగలేదనే. అన్నం పెట్టే చోట్లను కాలనీ సంఘాలు గుర్తించాలని, అవి పిల్లల ఆటస్థలాలకు, మెట్లకు, రాకపోకల ద్వారాలకు దూరంగా ఉండాలని ఆ నిబంధనలు చెబుతాయి. కుక్కతో నడిచే యజమానికి ఇది నేరుగా పనికివచ్చే అంశం.

2025లో ఈ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఢిల్లీ, పరిసర నగరాలలోని వీధికుక్కలన్నిటినీ ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కలను అదే ప్రాంతంలో విడవవచ్చని, రేబిస్ సోకిన లేదా సోకినట్టు అనుమానం ఉన్న కుక్కలను, దూకుడుగా ప్రవర్తించే కుక్కలను మాత్రం విడవరాదని తెలిపింది. వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టడాన్ని నిషేధించి, ప్రత్యేక స్థలాలు ఏర్పాటు చేయాలని, కేసు పరిధిని దేశమంతటికీ విస్తరించాలని నిర్ణయించింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి కుక్కలను తొలగించి, తిరిగి అక్కడే విడవకూడదని నవంబరు 7న మరో ఉత్తర్వు వచ్చింది. ఒక కాలనీలో పదేపదే మీదపడుతున్న కుక్కపై ఫిర్యాదుకు ఆగస్టు ఉత్తర్వులోని ‘దూకుడు’ అన్న మాట ఆధారం. ఏ కుక్క దూకుడైనదో తేల్చడమే అసలు కష్టం. అందుకే తేదీ, సమయం, చోటు, ఫోటో, వైద్యుడి చీటీ జతచేసిన ఫిర్యాదుకు, నోటిమాటగా చేసిన ఫిర్యాదుకు ఎంతో తేడా ఉంటుంది.

వదిలేసిన కుక్క వీధిది కాక పొరుగింటిది అయితే వ్యవహారం వేరు. తన జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు లేదా తీవ్ర గాయం కలగకుండా జాగ్రత్త తీసుకోని వ్యక్తికి భారత న్యాయ సంహితలోని 291వ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు లేదా అయిదు వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధిస్తుంది. ఈ సెక్షన్ మనుషుల రక్షణకు ఉద్దేశించింది. గాయపడిన పెంపుడు కుక్క వైద్య ఖర్చులకు సివిల్ దావాయే మార్గం. మరోవైపు, వీధికుక్కకు విషం పెట్టినా, చంపినా, అవిటిదాన్ని చేసినా 325వ సెక్షన్ కింద అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. 1960 చట్టంలో క్రూరత్వానికి తొలి నేరం కింద విధించే జరిమానా నేటికీ పది నుంచి యాభై రూపాయలే కావడంతో చాలామంది చట్టాన్ని తేలిగ్గా తీసుకుంటారు. 325వ సెక్షన్ అంత తేలికైనది కాదు. మీదికి దూకుతున్న కుక్కను ఆ క్షణంలో అడ్డుకోవడం ఒకటి, మరునాడు కర్ర పట్టుకొని దాన్ని వెతుక్కుంటూ వెళ్లడం మరొకటి.

అదే వీధి, అవే కుక్కలు

నడక ఒక్కరోజుతో ముగిసేది కాదు, మరునాడు ఉదయం మళ్లీ అదే వీధిలోకి వెళ్లాలి. అన్నం పెట్టేవారితో తగవు పడి సాధించేది తక్కువ. ఏ కుక్క ఏ వేళ ఎక్కడ ఉంటుందో, దేనికి టీకా పడిందో, ఏది కొత్తగా వచ్చిందో వీధిలో అందరికంటే బాగా తెలిసినవారు వారే. తిండి వేళను నడక వేళ నుంచి తప్పించడం, చోటును మలుపు నుంచి కాస్త లోపలికి జరపడం వారు తలచుకుంటే ఒక్కరోజు పని. శస్త్రచికిత్సకు కుక్కలను పట్టించడంలో కూడా పురపాలక సిబ్బందికి వారి సాయం కావాలి, ఎందుకంటే తెలిసిన మనిషి పిలిస్తేనే అవి వస్తాయి.

ఒకసారి దాడికి గురైన పెంపుడు కుక్క ఆ మలుపును మరచిపోదు. అక్కడికి రాగానే మొండికేసి కూర్చుంటుంది లేదా కనిపించిన ప్రతి కుక్క మీదికి తానే ముందుగా ఎగబడుతుంది. దాన్ని తిట్టి లాక్కెళ్లితే భయం రెట్టింపవుతుంది. కొన్నాళ్లు వేరే దారిలో చిన్న చిన్న నడకలు తిప్పి, ఆ తరువాత గుంపు కనిపించీ కనిపించనంత దూరంలో నిలబెట్టి, ప్రశాంతంగా ఉన్నంతసేపూ ఇష్టమైన తినుబండారం ఇస్తూ, రోజుకు కొద్దికొద్దిగా దూరం తగ్గించాలి. కుక్క తినడం మానేసిందంటే ఆ రోజుకు దూరం ఎక్కువే తగ్గించినట్టు, పది అడుగులు వెనక్కి వచ్చి అక్కడితో ఆపాలి.